కాకి ముట్టని ముద్ద

ముందు కోర్టు నోటీసు వచ్చిందో, ముందు స్వరాజ్యం వచ్చిందో ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేదు. వరుస కాస్త అటూ ఇటూ అయినా, జరిగింది మాత్రం ఇదే.

పెన్న ఒడ్డున పెద్దస్వామి ఆశ్రమంలో నిస్సంగానంద అనే శిష్యుడు ఉండేవాడు. పూర్వం పేరు చిదంబరం. భార్యను వదిలి వచ్చి, తన పిండం తానే పెట్టుకుని కాషాయం కట్టాడు. సన్యాసం పుచ్చుకున్నవాడు లోకానికి చచ్చినట్టే కనుక ఆ తంతు ముందే జరిపించుకోవాలి. వైరాగ్యం గురించి చెప్పడం మొదలుపెడితే భోజనాల గంట మోగినా ఆపేవాడు కాదు.

ఒకరోజు అతను మొహం వేలాడేసుకుని స్వామి దగ్గరికి వచ్చాడు.

"స్వామీ, నా భార్య విడాకులకు కోర్టుకెక్కింది. మొగుడు సన్యాసంలో కలిస్తే చట్టం ఇస్తుందట."

"ఇవ్వనీ."

"నేను సన్యాసిని కానని జవాబు రాయించాను. ఒంట్లో బాగాలేక గాలిమార్పుకు వచ్చానని."

స్వామి అతని గుండు వంక చూశారు, కాషాయం వంక చూశారు. "ఇక్కడి గాలి నీకు బాగానే పడింది నాయనా" అన్నారు.

మర్నాడు అతని భార్య స్వరాజ్యమే వచ్చింది. ఊళ్లో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. చెల్లెలు పోతే, ఆమె చిన్నకూతురు రేవతిని తన దగ్గరే పెట్టుకుంది. ఆ పిల్లను దత్తత తీసుకోవాలని ఆమె ఆరాటం. పిల్ల తండ్రి కూడా సరేనన్నాడు.

"మొగుడు ఉండగా ఆయన ఒప్పుకోలు లేనిదే దత్తత కుదరదన్నాడు స్వామీ మా ప్లీడరు. సంతకం పెట్టమని కబురు చేస్తే, సన్యాసిని, సంసారం కాగితాలు ముట్టనన్నారు. పోనీ విడాకులు ఇవ్వమంటే, అసలు సన్యాసినే కాదంటున్నారు. ఇంటికి వస్తారా, రమ్మనండి. రారా, ఆ మాట రాసిమ్మనండి. పిల్లను బళ్లో వేసేలోపు దానికి అమ్మ ఎవరో తేలాలి."

"ధర్మసూక్ష్మం నీకు అర్థం కాదులే" అన్నాడు నిస్సంగానంద.

"నాకెందుకండీ. జడ్జిగారికి చెప్పండి."

స్వామి వంటావిడ కోటమ్మను పిలిచారు. "ఓ అన్నం ముద్ద తీసుకురా. ఇతను పిండం పెట్టుకున్న రోజు కాకి ముట్టిందో లేదో మనం చూడలేదు. ఇవాళ చూద్దాం."

ముద్దను ప్రహరీ గోడ మీద పెట్టారు. రోజూ విస్తళ్ల మీదికే వచ్చి వాలే కాకులు ఆ పూట వేపచెట్టు వదల్లేదు. ఒకటి మాత్రం దిగి, ముద్ద చుట్టూ తిరిగి, మళ్లీ ఎగిరిపోయింది.

"పోయినాయనకు కోరిక ఏదో మిగిలిపోయింది" అంది కోటమ్మ. "అది తీరుస్తామని మాటివ్వమ్మా, వచ్చి ముడుతుంది."

స్వరాజ్యం చెంగు నడుముకు దోపి, గోడకు దణ్ణం పెట్టింది. "మీ అమ్మగారిని నేను కనిపెట్టుకుని ఉంటాను."

కాకి రాలేదు.

"మీ సైకిలు అమ్మను."

రాలేదు.

"మీ పడక్కుర్చీ ఎవరికీ ఇవ్వను."

"అది కాదు" అన్నాడు నిస్సంగానంద వెనకనుంచి.

అందరూ తిరిగి చూశారు.

"పోయినవాడి మనసులో ఏముందో మామూలుగా ఊహించుకోవాలి" అన్నారు స్వామి. "మనకు ఆ తిప్పలు లేవు. చెప్పు నాయనా."

అతను కాషాయం అంచు సర్దుకున్నాడు. "నాకెప్పుడైనా తిరిగి వెళ్లాలనిపిస్తే... ఆ ఇల్లు అలాగే ఉండాలి. ఈమె కూడా అలాగే ఉండాలి."

"సరేననెయ్యమ్మా" అని గొణిగింది కోటమ్మ. "అందరూ అలాగే అంటారు. పోయినవాళ్లు వచ్చి చూస్తారా ఏం?"

"ఈయన వచ్చి చూస్తారు" అంది స్వరాజ్యం.

స్వామి గోడ మీది ముద్ద తీసి శిష్యుడి చేతిలో పెట్టారు. "బతికే ఉన్నావా, ఇది తినేసి ఆమె వెంట ఇంటికి వెళ్లు. పోయావా, కాకికి పెట్టు."

అతను ముద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి మెతుకులు రాలుతున్నాయి. నోటిదాకా తీసుకెళ్లలేదు, గోడదాకా వెళ్లలేదు.

కాసేపటికి అడిగాడు, "ఆ పిల్ల రాత్రిళ్లు ఏడుస్తుందా?"

"ఇప్పుడు తగ్గింది. నా చెంగు పట్టుకుని పడుకుంటుంది."

అతను వెళ్లి ముద్దను గోడ మీద పెట్టాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కలం అడిగాడు. తాను సన్యసించిన మాట నిజమనీ, విడాకులకు అడ్డు రాననీ రాయడం మొదలుపెట్టాడు.

కాకులు మాత్రం చెట్టు దిగలేదు.

"స్వామీ, ఇంకా ఏదో మిగిలినట్టుంది" అంది కోటమ్మ భయంభయంగా.

నిస్సంగానంద చెయ్యి ఆగింది.

"ఉండనీ" అన్నారు స్వామి. "నువ్వు రాయి నాయనా. కాకి తీరిక చూసుకుని వస్తుంది. పిల్ల అంతదాకా ఆగదు."

ఈ సంగతి నాకు చెప్పింది మా కోడలు సుగుణ, ఆమె పుట్టిల్లు ఆ దగ్గర్లోనే. అమ్మా సుగుణా, ఈ పేర్లు ఓసారి సరిచూడు.