ఈరన్న తిన్నాడా?

పోలమ్మ మొదట ఎవరి దగ్గరా నోరు విప్పని మాట ఒకటుంది. దళవాయి ఈరన్న తల తీయించడానికి రాజుకు కబురంపింది తనే.

ఏ రాజు కాలమో, ఏ ఏటి మాటో, చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. ఎర్రమట్టి కొండల నడుమ ఒక చిన్న రాజ్యం. దాని సైన్యాన్ని నడిపించే దళవాయి ఈరన్న. మొదట గుర్రాలకు గడ్డి మోశాడు. తర్వాత బల్లెం మోశాడు. ముప్పై ఏళ్ళకు సైన్యం బరువంతా మోశాడు. గడ్డి మోసినవాడికి అంత పదవి ఎట్లా దక్కిందో అని కోటలో చెవులు కొరుక్కున్నారు. కొరికి కొరికి ఆ మాట రాజు చెవిదాకా తెచ్చారు.

పోలమ్మ ఆ సైన్యానికి వంటమనిషి. రాజు ఆమెను పిలిపించి చేతిలో ఒక నూలుతాడు పెట్టాడు. ఈరన్న శత్రువుతో కలిశాడని అనుమానం కలిగినప్పుడల్లా ఒక ముడి వెయ్యమన్నాడు. మూడు ముళ్ళు పడగానే తాడు కోటకు పంపితే చాలు, మిగతాది తాను చూసుకుంటానన్నాడు.

ఇంకొకరైతే వణికేవాళ్ళు. పోలమ్మ తాడు కొంగున కట్టుకుంది. ఆమెకు దళవాయిలంటేనే గిట్టదు. ఆమె మొగుడు మునుపటి దళవాయి కింద బంటు. శత్రువులు విషం కలిపిన బావిలో నీళ్ళు తాగి పోయాడు. ఆ పూట ఆ దళవాయి మాత్రం గుడారంలో దాచుకున్న నీళ్ళు తాగి మీసం తుడుచుకున్నాడు. వాడికి ముందే తెలుసని పోలమ్మ నమ్మకం. వాడు పోయి వీడొచ్చాడు. వీడు మాత్రం వేరే మనిషా?

శత్రువు మీదికి సైన్యం కదిలింది. పోలమ్మ కళ్ళు ఈరన్న వెంటే కదిలాయి.

మొదటి మజిలీలో బావి కనపడగానే ఈరన్న అందరినీ దూరంగా ఆపాడు. ఒక్కడే బావి దగ్గరికి పోయాడు. కుండెడు సంగటి ఉడికేంత సేపు అక్కడే కూర్చుని, ఆ తర్వాత రమ్మని చెయ్యి ఊపాడు. ఒంటిగా అంతసేపు ఏం చేశాడు? ఎవరితో మాట్లాడాడు? పోలమ్మ కొంగు విప్పి ఒక ముడి వేసింది.

రెండో మజిలీలో అందరూ బారులు తీరి తింటున్నారు. ఈరన్న కూర్చోలేదు. తాను వెనక తింటానన్నాడు. ఆ పూటా అదే మాట, మర్నాడూ అదే మాట. అందరూ తిని బతికితేనే నా చేతి కూడు ముడతాడు కాబోలు, విషం సంగతి తెలిసినవాడికే అంత భయం అనుకుంది పోలమ్మ. రెండో ముడి వేసింది.

బీరప్ప అని ఒక కొంటె బంటు ఉండేవాడు. వాడి కళ్ళ నుంచి ఏదీ దాటిపోదు.

"ఏందక్కా, దళవాయిని అట్ల రెప్పెయ్యకుండా చూస్తాండావు? మనువాడతావా ఏంది?"

"నీ ముద్దలో గులకరాయి పెడతా, నములు."

మూడో మజిలీలో సందెపూట ఈరన్న ఒక్కొక్క బంటు పక్కనే కూర్చుని చెవి దగ్గర ఏదో గొణిగాడు. పోలమ్మ దగ్గరికి పోతే మాట ఆపేశారు. ఇంకేం కావాలి? మూడో ముడి పడింది. తెల్లారగానే కోటకు పోయే రౌతు చేతిలో తాడు పెట్టింది.

ఆ రోజే ఇంకో బావి వచ్చింది. ఈరన్న ఎప్పటిలాగే అందరినీ ఆపి ఒక్కడే పోయాడు. ఈసారి పోలమ్మ తుప్పల చాటున చుట్టు తిరిగి పోయి, ఒక బండ వెనక నక్కింది. శత్రువు మనిషి వస్తే కళ్ళారా చూడాలని.

ఎవరూ రాలేదు. ఈరన్న నీళ్ళు చేదాడు. ముంతెడు తాగాడు. కూర్చున్నాడు. కాసేపటికి కడుపు పట్టుకుని వంగిపోయాడు.

పోలమ్మ పరుగెత్తింది. ఈరన్న అప్పటికే తన బల్లెం బావి మీద అడ్డంగా పెట్టాడు.

"ఎవరినీ తాగనీకక్కా."

"తెలిసే తాగితివా?"

"తెలీకనే. ఎవరో ఒకరు తాగితేనే గదా తెలిసేది."

ఇట్లాగేనా ప్రతి బావి దగ్గరా? ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకుని, మరి నా చేతి కూడు ఎందుకు వెనక తిన్నావని అడిగింది.

"కుండ నీదే గదక్కా. అడుగున ఏం మిగిలేదో ఎప్పుడన్నా చూసినావా?"

అదే అతని ఆఖరి మాట. పోలమ్మ ఎప్పుడూ చూడలేదు. వడ్డించి ఆమె కట్టెలకు పోయేది. తిరిగొచ్చేసరికి కుండ కడిగి బోర్లించి ఉండేది. ఎవరు కడిగారో అడగలేదు. సైన్యం పెరిగింది, రాగులు పెరగలేదు. వండే మనిషికి తెలియని లెక్కా అది?

మర్నాడు కోట నుంచి రౌతులు వచ్చారు. వాళ్ళ నాయకుడు తాడు ఎత్తి చూపించాడు. ద్రోహికి గోరీ లేదన్నాడు. శవాన్ని నక్కలకు వేసి, పెళ్ళాంబిడ్డలను పొలిమేర దాటించమని రాజాజ్ఞ అన్నాడు. బంటులు తలలు వంచుకున్నారు. ముళ్ళు వేసిందెవరో ఆ నాయకుడికీ తెలియదు. పోలమ్మ ఊరుకుంటే ఎప్పటికీ తెలియదు. తెలిస్తే తెగేది ఆమె తల.

ఆమె ముందుకొచ్చింది.

"ఆ ముళ్ళు నావి. మూడూ తప్పే."

బావి సంగతి చెప్పింది. కుండ సంగతి చెప్పింది. మూడో ముడి దగ్గర ఆగిపోయింది. చెవిలో ఏం చెప్పేవాడో తనకు తెలియదంది.

బీరప్ప లేచాడు. "చెప్పేటోడు కాదు, అడిగేటోడు. మా అమ్మ పేరు అడిగినాడు. నేను పడిపోతే ఎవురికి చెప్పాల అని. మా అమ్మ పేరు సుంకులమ్మ."

పక్కవాడు లేచి తన తల్లి పేరు చెప్పాడు. వాడి పక్కవాడు లేచాడు. అట్లా మూడు వందల పేర్లు అయ్యేదాకా ఎవరూ కూర్చోలేదు. రౌతుల నాయకుడు గుర్రం దిగి, తలపాగా తీసి, తన తల్లి పేరు కూడా చెప్పాడట.

ఈరన్నకు గోరీ దక్కింది. ఇంటివాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. పోలమ్మను రాజు కొట్టించాడని కొందరంటారు, వదిలేశాడని కొందరంటారు. చచ్చేదాకా గరిటె మాత్రం వదల్లేదని అందరూ అంటారు.

ఇప్పటికీ ఆ కొండల్లో ఏ విందైనా, బంతులన్నీ లేచాక పెద్దమనిషి వంటమనిషిని ఒక మాట అడగాలి.

"ఈరన్న తిన్నాడా?"

వంటమనిషి కుండ వంచి అడుగు చూపిస్తుంది. మిగల్లేదనుకోండి, అప్పటిదాకా తిన్నవాళ్ళే లేచి మళ్ళీ పొయ్యి ముట్టిస్తారు.