పసుపు మొహం నీళ్ళ వైద్యుడు

మోటబావి పక్కన చుక్కమ్మ అనే కోడిపెట్టకి చిన్న వంగ మడి ఉంది. మందు చుక్క ఎరగని మడి. ఆకు ఎరువు, పేడ, వానపాములు, అంతే. బెంగల్లా బావి నీళ్ళతోనే. ఎప్పుడు తోడినా బురద, పాచి.

ఒకరోజు నొసటి నుంచి మూతి దాకా పసుపు మెత్తుకుని జిత్తయ్య నక్క దిగాడు.

"నీళ్ళ వైద్యుణ్ణి తల్లీ! కుండలు పేర్చి మంచినీళ్ళు చేసిస్తా."

"ఏం తీసుకుంటావు?"

"మంచినీళ్ళు వచ్చిన వారానికి నీ గూటి కాపలా నాకివ్వు. చాలు."

నక్క కాపలా అంటే ఏంటో చుక్కమ్మకి తెలీదా? తెలుసు. ఆ బురద నీళ్ళు తేటపరచడం వీడి తాత వల్ల కూడా కాదులే అనుకుని మాటిచ్చేసింది.

జిత్తయ్య పై కుండలో గులకరాళ్ళు, నడిమి దాంట్లో ఇసుక పోశాడు. కింది కుండలో ఏం పోశాడో ఎవర్నీ చూడనివ్వలేదు. నీళ్ళు మాత్రం అద్దంలా దిగాయి.

వారం తిరిగేసరికి వంగాకులు పాలిపోయాయి. వానపాములు మడి వదిలి గట్టెక్కాయి. జిత్తయ్య మాత్రం చెప్పిన రోజుకి వచ్చేశాడు.

"మొక్కలు చస్తున్నాయయ్యా!"

"మొక్కల సంగతి నాకెందుకు? నీళ్ళలో నీ మొహం కనబడుతోందా లేదా? గూడు తలుపు తియ్."

ఆరు పిల్లలూ రెక్కల కిందికి దూరాయి. మాట తప్పదని చుక్కమ్మకి పేరు. ఆ పేరే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

పక్క దొడ్లో ఉండే ఓబులేసు అనే గాడిద వచ్చి, కుండల నీళ్ళు పట్టిన తొట్టిలో ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. "చుక్కక్కా, సబ్బు నాకినట్టుంది!"

"గాడిదకేం తెలుసు గంధం వాసన!" అన్నాడు జిత్తయ్య.

"గంధం తెలీదు, బట్టలుతికే చవుడు మన్ను ఘాటు తెలుసు. చాకిరేవులో పదేళ్ళు మూటలు మోశా. సరే వైద్యుడా, ఆ నీళ్ళతో నువ్వోసారి మొహం కడుక్కో. తలుపు నేనే తీస్తా."

"ఓస్, ఇంతేనా!" జిత్తయ్య గబగబా రెండు దోసిళ్ళు కొట్టుకున్నాడు. పసుపు మొహం కాస్తా ఎర్రగా మారింది.

రెక్క కింద నుంచి ఒక పిల్ల తల బయటపెట్టింది. "అమ్మా, నక్క మామ పారాణి పెట్టుకున్నాడు!"

"పసుపు ఎర్రబడాలంటే సున్నమన్నా తగలాలి, సున్నం లాంటి ఘాటన్నా తగలాలి," అన్నాడు ఓబులేసు. "కింది కుండలో ఏం పోశావు మామా?"

"బొగ్గులే... చాలకపోతే బూడిద పోశా. రెండూ ఒక పొయ్యిలోవేగా!"

"బొగ్గు మురికిని పట్టుకుంటుంది. బూడిద నీళ్ళని చవుడు చేసి మొక్కల్ని చంపుతుంది."

చుక్కమ్మకి గొంతు లేచింది. "నేను మాటిచ్చింది తేటనీళ్ళకి కాదు జిత్తయ్యా, మంచినీళ్ళకి. ఇక దయచెయ్!"

జిత్తయ్య ఆ ఎరుపు పోవాలని మళ్ళీ ఆ నీళ్ళతోనే రుద్దుకున్నాడు. ఇంకా ఎర్రబడింది. పిల్లల నవ్వులు వెంటపడుతుంటే పొదల్లోకి పరిగెత్తాడు.

చుక్కమ్మ బూడిద పారబోసి బొగ్గులు పోసింది. వాన నీళ్ళు పట్టి కలిపింది, చవుడు విరగడానికి తొట్టికింత పుల్ల మజ్జిగ పోసింది. పసుపు గుడ్డ ముంచి, అది పసుపుగానే ఉంటేనే ఆ నీళ్ళు మడికి పెట్టింది. కొన్నాళ్ళకి వానపాములు ఒక్కొక్కటే గట్టు దిగాయి.

తేటనీళ్ళన్నీ మంచినీళ్ళు కావు, పసుపు పూసిన మొహాలన్నీ శుభమూ కావు.