ఓడినవాడికి తొమ్మిది మార్కులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అందరికీ బాక్సింగ్ పిచ్చి పట్టింది. ఎందుకు పట్టిందో నన్నడగకండి పిల్లలూ, నాకూ తెలీదు. తొలకరికి ముందు, పెద్దగా పనులుండని రోజుల్లో, నాలుగు గుంజలు పాతి చుట్టూ తీగలు కట్టేవారు. ఆడేవాళ్ళు బూరుగు దూది కుక్కిన తొడుగులు చేతులకు వేసుకునేవారు. ఒక్కో పోటీకి మూడు రౌండ్లు. నత్త ఒక కొమ్మ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పాకితే ఒక రౌండు అయినట్టు లెక్క.

మార్కులు వేసేది వడ్రంగిపిట్ట పంతులుగారు. రౌండు అవగానే ఆయన గుంజ మీద ముక్కుతో పొడిచి చిల్లులు పెట్టేవారు. కుడివైపు ఒకరికి, ఎడమవైపు ఇంకొకరికి. ఎవరికి ఎన్ని చిల్లులు పడ్డాయో అందరికీ కనిపించేది. ఎందుకు పడ్డాయో మాత్రం చాలామందికి తెలీదు. తెలీదని ఒప్పుకునేవాళ్ళు అసలే లేరు.

ఆ పక్కనే కోటయ్య అనే ముంగిస ఉండేవాడు. అతని భార్య పైడమ్మ. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. పెద్ద రాతి కింద వాళ్ళ బొరియ. ఎంత వాన కురిసినా లోపలికి చుక్క నీరు దిగదు. దాన్ని తవ్వడానికి కోటయ్యకు రెండు వేసవులు పట్టింది. ఆ బొరియ మీద ఉడుము పోలయ్యకు ఎప్పటి నుంచో కన్ను.

ఒకరోజు పోలయ్య వచ్చి, "బావా, రేపు ఎలుగుబంటి గుండప్పకీ కొండముచ్చు సన్నాసికీ పోటీ. పందెం కాద్దామా?" అన్నాడు.

"ఏం పెడతావు?" అని కోటయ్య అడిగాడు.

"వాగు ఒడ్డున పిట్టలు గుడ్లు పెట్టే జాగా నాదే కదా. నువ్వు గెలిస్తే అది నీది. నేను గెలిస్తే ఈ బొరియ నాది."

గుడ్లు అనగానే కోటయ్యకు నోరూరింది. పైడమ్మ మాత్రం ఆకాశం వైపు చూసింది.

"ఏమయ్యా, వానలు రేపో మాపో అన్నట్టున్నాయి. అసలు ఆ మార్కులు ఎలా వేస్తారో నీకు తెలుసా?" అంది.

"అందులో తెలియడానికి ఏముంది? నేను పాములతో పోట్లాడినవాణ్ణి. పాము ఎన్నిసార్లు బుస కొట్టినా, ఎన్నిసార్లు మీదికి దూకినా లెక్కలోకి రాదు. చివరి కాటు ఎవరిదో వాళ్ళదే గెలుపు. గుండప్ప చెయ్యి చూశావా? చివరి దెబ్బ వాడిదే. నా పందెం వాడి మీదే."

"ఇది పాముతో పోట్లాట కాదు కదా. పంతులుగారిని ఒక్కమాట అడిగి రా."

కోటయ్య వెళ్ళాడు. పంతులుగారు చెట్టు బెరడుకు ముక్కు రాస్తూ, "ఏం కోటయ్యా, ఏమైనా అడగాలా?" అన్నారు. అక్కడ రెండు గోరింకలు, ఒక కాకి కూర్చుని ఉన్నాయి. కోటయ్య వాటి వైపు చూశాడు. ఇంత వయసొచ్చి మార్కుల సంగతి తెలీదంటే నవ్వుతారేమో అనుకున్నాడు.

"ఏం లేదండీ, ఊరికే వచ్చాను. మార్కుల సంగతి నాకు తెలిసిందే కదా," అని తిరిగొచ్చేశాడు.

చూశారా? నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేశాడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటికెళ్ళి పెళ్ళాంతో, "అడిగాను, అంతా నేననుకున్నట్టే" అని అబద్ధం కూడా ఆడాడు.

మర్నాడు పోటీ మొదలైంది. మొదటి రౌండులో గుండప్ప పెద్ద పెద్ద గుద్దులు విసిరాడు. ఒక్కటీ తగల్లేదు. సన్నాసి పక్కకు తప్పుకుంటూ, చిన్న చిన్న దెబ్బలు ముక్కు మీద తగిలించాడు. నత్త కొమ్మ చివరకు చేరింది. పంతులుగారు సన్నాసికి పది చిల్లులు పెట్టారు, గుండప్పకు తొమ్మిది.

కోటయ్య తల గోక్కున్నాడు. ఒక్క దెబ్బా తగిలించని వాడికి తొమ్మిది ఎందుకు? అన్ని దెబ్బలు తగిలించిన వాడికి ఒక్కటే ఎక్కువా? పక్కనున్న కుందేలు కూడా తల గోక్కుంటోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, బాగా అర్థమైనట్టు తల ఊపారు.

రెండో రౌండులో ఇద్దరూ సమానంగానే కొట్టుకున్నారు. పంతులుగారు గుంజ మీద అటూ ఇటూ చాలాసేపు తిరిగారు. చివరికి సన్నాసికి పది, గుండప్పకు తొమ్మిది పెట్టారు.

మూడో రౌండులో గుండప్ప రెచ్చిపోయాడు. సన్నాసిని తీగల మీదికి నెట్టి ఎడాపెడా బాదాడు. సన్నాసి కన్ను వాచిపోయింది. కాళ్ళు వణికాయి. తీగ పట్టుకుని పడకుండా నిలబడ్డాడంతే. నత్త కొమ్మ చివరకు చేరింది. చివరి గుద్దు గుండప్పదే.

కోటయ్య ఎగిరి గంతేశాడు. గుడ్ల రుచి నాలుక మీద తగిలినట్టే అనిపించింది అతనికి. పంతులుగారు గుండప్పకు పది పెట్టారు, సన్నాసికి తొమ్మిది. తర్వాత చిల్లులన్నీ కూడి, "సన్నాసికి ఇరవై తొమ్మిది. గుండప్పకు ఇరవై ఎనిమిది. గెలిచింది సన్నాసి," అన్నారు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సన్నాసి సరిగా నిలబడలేకపోతున్నాడు. గుండప్ప ఒంటి మీద గీత కూడా లేదు. గెలిచినవాణ్ణి ఇద్దరు మోసుకెళుతుంటే ఓడినవాడు నడిచి వెళ్ళాడు.

"చివర కొట్టింది ఎవరు?" అని కోటయ్య పోలయ్యను అడిగాడు.

"గుండప్ప."

"మరి గెలిచింది?"

"సన్నాసి. నా బొరియ ఖాళీ చెయ్యి బావా."

ఆ సాయంత్రమే వాన మొదలైంది. పైడమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరచుకుని ఒక పొద కిందికి చేర్చింది. ఆమె తిట్టి ఉంటే కోటయ్యకు కొంత నయంగా ఉండేది.

తడుస్తూనే అతను పంతులుగారి దగ్గరికి పరిగెత్తాడు. ఈసారి చుట్టూ ఎవరున్నారో చూడలేదు.

"అయ్యా, నాకు మార్కుల సంగతి తెలీదు. చెప్పండి," అన్నాడు.

"రౌండు గెలిస్తే పది, ఓడితే తొమ్మిది. కిందపడితే ఎనిమిది. వెంట్రుకవాసిలో గెలిచినా పదే, చితకబాది గెలిచినా పదే. ఏ రౌండుకు ఆ రౌండే."

"చివరి దెబ్బకు విలువ లేదా?"

"ఉంది. చివరి రౌండుకు మాత్రమే."

ఇంతేనా అనుకున్నాడు కోటయ్య. నిన్న ఒక్కమాట అడిగితే తెలిసేదే కదా అని ఏడుపొచ్చింది. వెంటనే ఇంకో ఆశ కూడా పుట్టింది.

"ఇప్పుడు తెలిసింది కదండీ. పోలయ్యతో మళ్ళీ పందెం కాసి నా ఇల్లు తెచ్చుకుంటాను."

పంతులుగారు రెక్కల నీళ్ళు దులుపుకున్నారు. "రెండో రౌండు చూశావు కదా? పది ఎవరికి పెట్టాలో నాకే తోచలేదు. గుండప్ప వైపు పొడవబోయి సన్నాసి వైపు పొడిచాను. మార్కులు వేసే నాకే ముందుగా తెలీదు. పందెం కాసే నీకెలా తెలుస్తుంది నాయనా?"

కోటయ్యకు మళ్ళీ అయోమయంగా అనిపించింది. కానీ ఈసారి తెలిసినట్టు తల ఊపలేదు. నెమ్మదిగా పొద దగ్గరికి వెళ్ళి, తడి మట్టిలో కొత్త బొరియ తవ్వడం మొదలుపెట్టాడు. తవ్విన మట్టి తవ్వినట్టే జారి పడుతోంది. చిన్నపిల్ల చలికి వణుకుతూ వచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, ఈ ఇల్లు మనకే ఉంటుందా? లేక దీన్ని కూడా ఎవరికైనా ఇచ్చేస్తావా?" అని అడిగింది.

కోటయ్య అలాగే తవ్వుతూ ఉండిపోయాడు.

నీతి: తెలియనిది అడగడానికి సిగ్గుపడకూడదు, తెలిసినా సరే, పిల్లలు తలదాచుకునే ఇంటిని పందెంలో పెట్టకూడదు.