సెట్టులో లేని గేదె

మా కొయ్యబొమ్మల గురువు సోమరాజుగారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. రంగు ఎందుకు ఊడుతోందండీ అంటే చేతిలో ఆకురాయి పెట్టి తన పని తాను చూసుకునేవారు. మాకు ఒళ్లు మండేది గానీ, ఆయనకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఒకరోజు వీరలక్ష్మి అడిగింది. ఆమె నాతోపాటే పని నేర్చుకుంటోంది. వాళ్ల అక్క ఇంటిపనికి కువైట్ వెళ్తూ నాలుగేళ్ల కూతురు పల్లవిని ఈమె చేతిలో పెట్టింది. నెల దాటింది. పెడితే తింటుంది, పడుకోబెడితే పడుకుంటుంది, అంతే. నోరు విప్పదు. ఎత్తుకుంటే బిగుసుకుపోతుంది.

"అక్క వచ్చేసరికి రెండేళ్లు, గురువుగారూ. అందాకా ఇలాగే ఉంటే పిల్ల ఏమైపోవాలి? పొలం బొమ్మల సెట్టు ఇస్తే ఆడుకుంటుందేమోనని నా ఆశ. ఏవి ఎంచి ఇవ్వమంటారు? ఎడ్లబండా, నాగలా, కోళ్లా?"

"పిల్లను ఇక్కడికి తీసుకురా" అన్నారాయన. అది జవాబా? నాకైతే నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పిల్లతో వచ్చింది. వసారాలో చాప పరిచి, తాను చెక్కినవన్నీ ముచ్చటగా పేర్చింది: ఎడ్లబండి, నాగలి, తలపాగా రైతు, అన్నం గంప నెత్తిన పెట్టుకున్న ఆవిడ, గడ్డివాము, నాలుగు కోళ్లు. చూడముచ్చటగా ఉన్నాయి, కాదనలేం. పల్లవి చాలాసేపు చూసి, ఒక కోడిని తీసి రైతు తలపాగా మీద కూర్చోబెట్టింది.

"అక్కడ కాదమ్మా, కోడి వాము దగ్గర ఉంటుంది" అని వీరలక్ష్మి సర్దింది. పిల్ల చెయ్యి ఒళ్లోకి పోయింది. కాసేపటికి ఎద్దును బండిలో పడుకోబెట్టింది. "బండిని ఎద్దు లాగాలి గదా బంగారం!" అంటూ ఈవిడ మళ్లీ సర్దింది. మా పనివాళ్లకు ఇదో జబ్బు. చెక్కినంతసేపూ చెక్కి, ఇచ్చేశాక కూడా బొమ్మను వదలం.

"అమ్మాయ్, చేతులు కట్టుకు కూర్చో" అన్నారు గురువుగారు.

కూర్చుంది. పాపం, చేతులు ఊరుకోకపోతే పిడికిళ్లు బిగించింది. పల్లవి ఆమె వంక ఓరగా చూసి, కోడిని మళ్లీ తలపాగా ఎక్కించింది. ఈసారి ఎవరూ సర్దలేదు. ఎద్దుల్ని బండిలో పడుకోబెట్టింది. రైతు చేత బండి లాగించింది. చివరికి చాపంతా వెతికి, నెల రోజులకు మొదటిసారి మాట్లాడింది.

"గేదేదీ?"

మా అందరి ప్రాణం లేచొచ్చింది. గేదె నిజంగానే లేదు. దానికి మందపు దుంగ కావాలి, ఆ దుంగ ఇంకా పచ్చిగానే ఉంది. "నాలుగు రోజుల్లో..." అని వీరలక్ష్మి చెప్పబోతుంటే గురువుగారు గట్టిగా దగ్గారు.

పిల్ల వసారా అంతా కలయజూసింది. గురువుగారిని చూసింది, నన్ను చూసింది, ఇద్దరమూ పనికిరామని తేల్చుకుంది కాబోలు. లేచి వెళ్లి వీరలక్ష్మి కొంగు పట్టుకుంది.

"పిన్నీ, నువ్వు గేదె."

వీరలక్ష్మి మోకాళ్ల మీద వంగింది. పల్లవి గుప్పెడు చెక్కపొట్టు తెచ్చి ముందు పోసి, "తిను" అంది. మెడ నిమిరింది. పక్కన గొంతుక్కూర్చుని, "కదలకే, మా తల్లివి గదూ" అంటూ పాలు పిండసాగింది. ఆ మాట, ఆ నిమరడం పాలు పిండేటప్పుడు అచ్చం మా అక్కవేనని వీరలక్ష్మి తర్వాత నాతో చెప్పింది. అప్పుడు మాత్రం కళ్లనీళ్లు చాప మీద టపటపా రాలాయి.

"గేదెలు ఏడవవు" అని పిల్ల కసిరింది.

ఆ పూట పిల్ల పిన్ని చంకెక్కే ఇంటికి పోయింది. మర్నాడు వీరలక్ష్మి అందరికంటే ముందే వచ్చి, దుంగను ఎండలోకి దొర్లిస్తూ, "ఆరగానే గేదెను చెక్కేస్తాను గురువుగారూ, పిల్లకు ఇంక లోటుండదు" అంది సంబరంగా.

గురువుగారు ఆమె ఉలి తీసి తన దగ్గర పెట్టుకున్నారు.

"దాన్ని చెక్కితే పిల్ల ఆటలో నువ్వెక్కడ నిలబడతావే?"