సోమక్క నిలబడని రోజు

అనగనగా, కోటలింకా కొండల మీద కడుతున్న రోజుల్లో, గుండరాజనే రాజు నల్లకొండ మీద కోట మొదలుపెట్టాడు. వానలు వెలిస్తే శత్రువు దండెత్తుతాడని కబురొచ్చింది. గోడ చూస్తే సగంలోనే ఉంది. రాజుకి తిండి సయించడం లేదు.

నిటారు కొండ. రాళ్లు మోయడం మనుషుల వల్ల కాలేదు. అందుకని కింది నుంచి పైదాకా కొయ్యపట్టాలు పరిచారు. వాటి మీద బండి, బండికి లావుపాటి నారతాడు. పైన ఎద్దులు గానుగ తిప్పినట్టు చక్రం తిప్పితే రాళ్లబండి మెల్లగా పైకి పాకేది.

ఆ తాడు పేనేది సోమక్క. అక్కడొక కట్టుబాటు ఉంది. పొద్దున మొదటి బండి పైకి చేరేదాకా తాడు పేనినవాళ్లు బండికి దిగువన, పట్టాల నడుమ నిలబడాలి. ఆ తరవాతే కూలీలు పనిలోకి దిగుతారు.

ముసురు పట్టింది. మొదటి రోజు సోమక్క తాడు తడిమి చూసి నిలబడింది. రెండో రోజు తాడు మెత్తబడింది. కొత్తది పేనడానికి ఒక్క రోజు గడువిమ్మని పనుల అధికారి మాచనను బతిమాలింది. అతను కసిరాడు. అయినా ఆమె నిలబడింది. మూడో రోజు నిలబడలేదు. పని ఆగిపోయింది.

రాజు పరుగున వచ్చాడు. తాడు తెగుతుందని కచ్చితంగా చెప్పగలవా అని అడిగాడు.

"చెప్పలేను ప్రభూ. తెగదని కూడా చెప్పలేను. ఇవాళ నేను నిలబడితే, నన్ను నమ్మి వందమంది వస్తారు."

తాడుకేమీ కాలేదనీ, ఆమెది ఉత్త పిరికితనమనీ మాచన అన్నాడు.

"అయితే నువ్వు నిలబడు," అన్నాడు రాజు.

మాచన మీసం సవరించుకుని పట్టాల నడుమకి నడిచాడు. ఎద్దులు కదిలాయి. తాడు కిర్రుమంది. బండి జానెడు కదిలిందో లేదో, మాచన పక్కకు దూకేశాడు.

ఎవరూ నవ్వలేదు. రాజు అందరినీ దూరం జరగమని, బండిని అలాగే లాగించాడు. సగం కొండ ఎక్కాక తాడు తెగింది. సోమక్క రోజూ నిలబడే చోట రాళ్లు గుట్టపడ్డాయి.

ఆ గుట్ట చూసి సోమక్క ఏడ్చేసింది. గడువు ఒకటి కాదు, రెండు రోజులిచ్చాడు రాజు. తనూ కూర్చుని నార అందించాడు. మాచన చేత కూడా పేనించాడు. శత్రువు వచ్చేసరికి గోడ పూర్తయి, కోట తలుపులు మూసి ఉన్నాయి.

పిల్లలూ, మన ప్రాణం పెట్టలేని మాట మీద పక్కవాడి ప్రాణం పెట్టకూడదు.