రాణులిద్దరి పేర్లూ మోసిన తీగ

పొరుగు రాజు తన ఏనుగులన్నిటికీ పేర్లు పెట్టించాడని నీలకొండ రాజు అనంగభూపాలుడికి తెలిసింది. ఈయన దగ్గర ఏనుగులు తక్కువ, అడవి ఎక్కువ. అందుకని తన అడవిలో పేరులేని మొక్క ఒక్కటి కూడా ఉండకూడదని హుకుం జారీ చేశాడు.

ఆ పనిని భైరవభట్టు నెత్తికెత్తుకున్నాడు. భట్టు దివానుగారి భార్యకు ఏదో వరస. పండగ చూసి పోదామని కోటకు వచ్చిన చుట్టం. వచ్చిన కొత్తలో వసారాలో ఓ మూల చాప మీద పడుకునేవాడు. ఇప్పుడు మేడ పైభాగమంతా ఆయనదే.

భట్టు అడవికి వెళ్లడు. కొండవాళ్లు కొమ్మలు తెచ్చి ఇస్తే వాటిని తాళపత్రాల కట్టల కింద అణిచిపెట్టి, బాగా ఎండాక ముందేసుకుని, ఆకు ఇలా ఉంది, పువ్వు ఇలా ఉంది అని వర్ణన చెప్పేవాడు. ఆఖర్న, కోటలో ఆ వారం ఎవరితో పని పడితే వాళ్ల పేరు తగిలించేవాడు. ముళ్లకంప సేనాపతికి దక్కింది. నీడనిచ్చే చెట్టు దివానుకు దక్కింది.

ఒకరోజు సభలో కొత్త వర్ణనలు చదువుతూ, "దీని పువ్వు ఎండుగడ్డి రంగు" అన్నాడు. తరవాతి మొక్క పువ్వూ ఎండుగడ్డి రంగే. ఆ తరవాతిదీ అంతే.

రాజుకు తాంబూలం అందించే కూచన కిసుక్కున నవ్వాడు.

"ఎందుకురా ఆ నవ్వు?" అన్నాడు రాజు.

"ఏమీ లేదు మహాప్రభూ. మన అడవి ఇంతగా ఎండిపోయిందని నాకు తెలియదు."

సభలో చాలామంది ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భట్టు మొహం కందగడ్డ అయింది.

"మహారాజా, నేను పెట్టిన పేర్లలో ఒక్క తప్పు చూపించమనండి. చూపించలేకపోతే ఆ తమలపాకుల పెట్టె అక్కడ పెట్టేసి, కోట దాటి పోవాలి."

రాజు పందెం అంటే చెవి కోసుకుంటాడు. "విన్నావుగా కూచనా? రేపు సాయంత్రం దాకా గడువు" అన్నాడు.

ఆ పెట్టె కూచన తాతల నాటి నుంచి వస్తోంది. అది తప్ప అతనికి మరో పని రాదు. అది పోతే అత్తగారు ఏమంటుందో మాత్రం బాగా తెలుసు. అయినా తాపీగా అడిగాడు.

"భట్టుగారూ, పొరపాటున ఒకే మొక్కకు రెండు పేర్లు పడితే ఏం చేస్తారు?"

"మొదట పెట్టిన పేరే నిలుస్తుంది. తరవాత పెట్టినవి కొట్టేస్తాం. ఇది తిరుగులేని నియమం."

"రాజుగారు వద్దన్నా?"

"ఎవరు వద్దన్నా."

"అయితే దానికి ముద్ర వేయిస్తే బాగుంటుంది మహాప్రభూ" అన్నాడు కూచన. రాజు వేయించాడు.

మర్నాడు సాయంత్రం కూచన అందరినీ కొండ దిగువకు తీసుకెళ్లాడు. తమ పేరున్న మొక్కలు చూడొచ్చని రాణులిద్దరికీ కబురు పెట్టాడు. ఇద్దరూ వచ్చారు, ఒకరి మొక్క ఒకరు చూడటానికి.

అక్కడో తాని చెట్టు. దాని మొదట్లో బిళ్లల్లాంటి చిన్న ఆకులు బెరడుకు అతుక్కుని ఉన్నాయి.

"ఇదేమిటి భట్టుగారూ?"

భట్టు ఎండిన ఆకొకటి తీసి పోల్చి చూశాడు. "పెద్దరాణిగారి మొక్క. 'చిన్నది, నునుపైనది, ఆశ్రయాన్ని విడవనిది.'"

పెద్దరాణి మెడ కాస్త నిక్కింది.

"మరి ఆ పైన?"

పైన చేటలంత ఆకులు, అంచులు చీలి, గాలికి ఊగుతున్నాయి. "అది చిన్నరాణిగారిది. 'విశాలమైనది, వయ్యారంగా ఊగేది.'"

"ఆ తీగ నేలలో ఎక్కడ మొదలైందో కాస్త చూపిస్తారా?"

భట్టు పైనుంచి వేలితో తీగను చూపిస్తూ వచ్చాడు. వేలు దిగేకొద్దీ ఆకులు చిన్నవయ్యాయి. చివరికి వేలు పెద్దరాణి ఆకుల మీద ఆగింది. చెట్టు చుట్టూ తిరిగి మరో పక్కనుంచి చూపించాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"రెండూ ఒకటే తీగ" అన్నాడు కూచన. "కింద ఉన్నది చిన్నతనం. పైన ఉన్నది ముసలితనం."

"అంటే ముసలిది నా పేరునా?" అంది చిన్నరాణి.

"పోనీలే చెల్లీ, వయ్యారంగా ఊగుతోందిగా" అంది పెద్దరాణి.

రాజు గొంతు సవరించుకున్నాడు. "భట్టుగారూ, ఏ పేరు ముందు పెట్టారు?"

భట్టు పెద్దరాణిని చూశాడు, చిన్నరాణిని చూశాడు. "ఆ రోజు... రెండూ ఒకేసారి..."

"ఒకే నోటితోనా?" అన్నాడు దివాను.

రాజు కూచనను పక్కకు లాగాడు. "పందెం నీదేరా. ఇప్పుడు నేను ఇంటికెలా వెళ్లాలో చెప్పు. ఏ పేరు కొట్టేసినా నాకు అన్నం పెట్టేవాళ్లు ఉండరు."

"నియమం ఉందిగా మహాప్రభూ. మొదటి పేరే నిలవాలి. భట్టుగారు కోటలో అడుగుపెట్టక ముందే కొండవాళ్లు దీనికో పేరు పెట్టుకున్నారు. మా అత్తగారిది ఈ కొండ కింది ఊరే, ఆవిడా అలాగే పిలుస్తుంది. కాబట్టి రాణుల పేర్లు రెండూ పోతాయి. ఒకరికి ఎక్కువా లేదు, ఒకరికి తక్కువా లేదు."

"బతికించావు. ఏమిటా పేరు?"

కూచన అందరికీ వినపడేలా చెప్పాడు. "వచ్చినప్పుడు ఇది ఓ మూల ఒదిగి ఉంటుంది, ఉన్నట్టే తెలియదు. మెల్లగా పైకి పాకుతుంది. పైకి చేరాక ఆకులు చేటలవుతాయి. ఇక దించడం ఎవరి తరమూ కాదు."

"పేరు చెప్పరా."

"చుట్టం తీగ."

అందరూ భట్టు వైపు తిరిగారు. ముందు చిన్నరాణి నవ్వింది, వెంటనే పెద్దరాణి. వాళ్లిద్దరూ ఒకే మాటకు నవ్వడం కోటలో అంతవరకూ ఎవరూ చూడలేదు. రాజుకు ప్రాణం లేచొచ్చింది. భట్టుకు కప్పాలని తెప్పించిన శాలువా కూచన భుజాల మీద వేశాడు.

"మేడ మీది గదులు కూడా ఇక నీవే తీసుకో."

"శాలువా చాలు మహాప్రభూ" అన్నాడు కూచన. "గదులున్నాయని తెలిస్తే మా అత్తగారు వచ్చేస్తుంది."