తాబేలు వీపు మీంచి ఎగిరిన కప్ప

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలానికి వాగు ఇంకిపోయి ఇసుకలో ఒకే ఒక్క చెలమ మిగిలేది. ముందు తాగినవాళ్ళకు నీళ్ళు, వెనక తాగినవాళ్ళకు బురద. అందుకని అడవిలోవాళ్ళు ఏటా జట్లు కట్టి పందెం పెట్టుకునేవారు. మద్దికొమ్మకు అడుగు ఊడిన గంప వేలాడదీసేవారు. బూరుగుదూదిని ఆకుల్లో చుట్టి బంతి చేసేవారు. బంతిని గంపలో వేసిన జట్టు గెలిచినట్టు. ఆ జట్టంతా తాగాకే మిగతావాళ్ళు తాగాలి. ఏటా కొండముచ్చులే గెలిచేవి.

నిరుడంతా బురద తాగి విసిగిన తాబేలు నూకయ్య తాత, ఈసారి తానూ ఆడతానన్నాడు. అతని జట్టులో ఏదుపంది పోలమ్మ, కప్ప గంగులు. అంతే.

అడవంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కొండముచ్చుల పెద్ద భద్రుడు తోక ఊపుతూ, "మూడుసార్లు ఆడండి తాతా. ఒక్కసారి గంపలో పడినా చెలమ మీదే" అన్నాడు.

మొదటిసారి ముగ్గురూ బంతి మీదికి ఉరికారు. అది పోలమ్మ ముళ్ళకు గుచ్చుకుంది. పోలమ్మ మాత్రం బంతేదీ, బంతేదీ అంటూ ఇసుకంతా వెతికింది.

రెండోసారి గంగులు ఒక్కడే ఎగిరాడు. గంపకు మూరెడు కిందే ఆగిపోయి, బంతితో సహా భద్రుడి ఒళ్ళో పడ్డాడు.

ఇక తిట్లు మొదలయ్యాయి. తప్పు నీదంటే నీదనుకున్నారు. చివరికి గంగులు నీరుగారిపోయి, "నాకు అందదు తాతా" అన్నాడు.

నూకయ్య పట్టిన పట్టు వదిలే రకం కాదు. "నేల మీంచి అందదురా. నా వీపు మీంచి అందుతుంది. పోలమ్మా, నువ్వు బంతిని వెతకొద్దు, మొయ్యి" అన్నాడు.

మూడోసారి పోలమ్మ బంతిని ముళ్ళ మీద మోసుకొచ్చింది. నేను లాక్కుంటానంటే నేనని కొండముచ్చులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, వేళ్ళు చప్పరించుకుంటూ వెనక్కి పోయాయి. నూకయ్య గంప కింద బండలా కూర్చున్నాడు. పోలమ్మ ఒళ్ళు జాడించింది. బంతి పైకి లేచింది. గంగులు తాత వీపు మీంచి ఎగిరి తలతో ఒక్క పోటు పొడిచాడు. బంతి గంపలో పడింది. దాని వెనకే గంగులూ పడి, అడుగులోంచి కిందికి వచ్చాడు.

దాహంతో భద్రుడి నాలుక పిడచగట్టింది. పోలమ్మ, గంగులు చెలమ దగ్గర చక్కగా కూర్చున్నారు. తాత రానిదే చుక్క ముట్టమన్నారు. తాతేమో మద్దిచెట్టు దగ్గర్నుంచి అప్పుడే బయలుదేరాడు. పొద్దు వాలుతోంది.

"మోసుకుపొమ్మంటావా తాతా?" అన్నాడు భద్రుడు దీనంగా.

నలుగురు కొండముచ్చులు నాలుగు వైపులా పట్టి తాతను ఎత్తారు. వాళ్ళు కలిసి ఒక పని చేయడం అదే మొదలు.

నీతి: పక్కవాడి వీపును నమ్మి ఎగిరినవాడికి, ఒంటరిగా అందనిది కూడా అందుతుంది.